పేరు మార్చడం ఎలా? – ఎల్‌డాప్ డైరెక్టరీలో ఎంట్రీ పేరు మార్చే కమాండ్



వార్షికోత్సవ సంచికకు కంప్యూటర్ మీద ఒక పాఠం రాయమని అడిగినప్పుడు మేము ఈ విషయాన్ని ఎంచుకున్నాం. సి, జావా నేర్పే పుస్తకాలు జగిత్యాలలో దొరుకుతాయి, కరీంనగర్‌లో దొరుకుతాయి. సర్వర్లు ఎలా నడపాలో తెలుగులో చెప్పేవి మాత్రం చాలా తక్కువ. మన హాస్టళ్ళ నుండి వెళ్ళే వాళ్ళలో అందరూ ప్రోగ్రామర్లు కారు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగాల్లో చేరే వాళ్ళూ ఉంటారు. అలాంటి ఉద్యోగంలో ఎప్పుడో ఒకప్పుడు "ఈ ఉద్యోగి పేరు తప్పు పడింది, సరిచేయి" అనే పని వస్తుంది. చూడడానికి చిన్న పని. సరిగ్గా చేయకపోతే ఆ మనిషికి మరునాడు ఏదీ తెరుచుకోదు. అందుకే ఈ వ్యాసం.

డైరెక్టరీ సర్వర్ అంటే ఏమిటి?

మన హాస్టల్‌లో అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. అందులో ప్రతి విద్యార్థికి ఒక పద్దు ఉంటుంది. పేరు, తండ్రి పేరు, ఊరు, తరగతి, చేరిన తేదీ అన్నీ అందులో రాస్తారు. హాజరు వేయాలన్నా, దుప్పటి ఇవ్వాలన్నా, స్కాలర్‌షిప్ ఫారం నింపాలన్నా దానినే చూస్తారు. పెద్ద సంస్థల కంప్యూటర్లలో ఇలాంటి రిజిస్టర్ పని చేసేదే డైరెక్టరీ సర్వర్. మెయిల్, ప్రింటర్, వైఫై, లైబ్రరీ వంటి ప్రోగ్రాములన్నీ "ఈ మనిషి మనవాడేనా, ఇతనికి ఏ అనుమతులు ఉన్నాయి?" అని ఆ సర్వర్‌నే అడుగుతాయి. ఆ అడిగే పద్ధతి పేరు ఎల్‌డాప్. అందులో ఒక్కొక్క పద్దును ఎంట్రీ అంటారు.

డేటాబేస్‌లో సమాచారం పట్టికల్లో ఉంటుంది. డైరెక్టరీలో చెట్టు ఆకారంలో ఉంటుంది. పైన వేరు, దాని కింద కొమ్మలు, కొమ్మల కింద ఆకులు. కాబట్టి ప్రతి ఎంట్రీకీ తాను ఏ కొమ్మ కింద ఉందో చెప్పే చిరునామా కూడా ఉంటుంది.

పూర్తి పేరు, సొంత పేరు

దీనికి ఉదాహరణ మన దగ్గరే ఉంది. జగిత్యాల జిల్లాలో ముత్యంపేటలు రెండు. ఒకటి మల్లాపూర్ మండలంలో ఉంది. 2015 డిసెంబరులో మూతపడిన నిజాం దక్కన్ షుగర్స్ యూనిట్ ఉన్నది అక్కడే. రెండవది మల్యాల మండలంలో ఉంది. కొండగట్టు ఆంజనేయస్వామి గుడి ఉన్నది ఆ ఊరి పరిధిలో. ఉత్తరం మీద "ముత్యంపేట, జగిత్యాల జిల్లా" అని మాత్రమే రాస్తే పోస్ట్‌మ్యాన్ ఏ ఊరికి పోవాలి? మండలం రాస్తేనే తెలుస్తుంది.

డైరెక్టరీలోనూ అంతే. "ముత్యంపేట" అన్న ముక్కను ఆర్‌డిఎన్ అంటారు. దీనిని సొంత పేరు అనుకుందాం. "ముత్యంపేట, మల్లాపూర్, జగిత్యాల, తెలంగాణ" అన్న మొత్తాన్ని డిఎన్ అంటారు. ఇది పూర్తి పేరు. ఒకే కొమ్మ కింద ఒకే సొంత పేరు రెండు ఎంట్రీలకు ఉండకూడదు. వేరు వేరు కొమ్మల కింద ఉండవచ్చు. రెండు ముత్యంపేటలు ఒకే జిల్లాలో ఇబ్బంది లేకుండా ఉన్నాయంటే మండలాలు వేరు కాబట్టే.

ఇంకొక మాట. పూర్తి పేరులో సొంత పేరు ముందు వస్తుంది, వేరు చివర వస్తుంది. మనం ఉత్తరం మీద చిరునామా రాసే వరుస కూడా అదే కాబట్టి గుర్తు పెట్టుకోవడం సులువు.

కొంచెం చరిత్ర

1988లో ఎక్స్.500 అనే అంతర్జాతీయ డైరెక్టరీ ప్రమాణం వచ్చింది. అది చాలా బరువైనది. ఆనాటి చిన్న కంప్యూటర్లు మోయలేకపోయాయి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన టిమ్ హోవెస్, ఆయన సహచరులు దానికి తేలికైన రూపం తయారుచేశారు. దాని మొదటి ప్రమాణ పత్రం 1993లో వెలువడింది. అదే ఎల్‌డాప్. 1997లో మూడవ వెర్షన్ వచ్చింది. ఇప్పటికీ వాడుకలో ఉన్నది అదే. దాని ప్రమాణ పత్రాలను 2006లో తిరగరాశారు. మిషిగన్ ప్రోగ్రామును ఆధారం చేసుకొని 1998లో ఓపెన్ఎల్‌డాప్ మొదలైంది. దీనిని ఎవరైనా ఉచితంగా దించుకొని సొంత కంప్యూటర్‌లో నేర్చుకోవచ్చు.

రెండవ వెర్షన్ వరకు సొంత పేరు మార్చడం మాత్రమే వీలయ్యేది. ఎంట్రీని ఒక కొమ్మ నుండి ఇంకొక కొమ్మకు జరిపే వీలు మూడవ వెర్షన్‌తో వచ్చింది. ఆ వెర్షన్‌లోనే పేర్లకు యుటిఎఫ్-8 వచ్చింది. అంటే మనుషుల పేర్లు, విభాగాల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. డిసి అనే భాగం మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. తెలుగు పేరు పెట్టిన ఎంట్రీని వెతికితే తెర మీద అర్థంకాని అక్షరాల వరుస, దాని ముందు రెండు కోలన్లు కనిపిస్తాయి. భయపడవద్దు. అది బేస్64 రూపం. లోపల తెలుగు భద్రంగానే ఉంటుంది.

కమాండ్ రాసే విధానం

పేరు మార్చే కమాండ్ ఎల్‌డాప్‌మాడ్‌ఆర్‌డిఎన్. ఎల్‌డాప్, మాడిఫై, ఆర్‌డిఎన్ అన్న మూడు ముక్కలు కలిపిన మాట ఇది. మన సంచికలో తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం గానీ కంప్యూటర్‌లో ఖాళీ లేకుండా ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి.

అభ్యాసం కోసం ఒక ఊహాత్మక హాస్టల్ డైరెక్టరీ తీసుకుందాం. అందులో విద్యార్థులు, పూర్వ విద్యార్థులు అని రెండు కొమ్మలు ఉన్నాయి. ఇంట్లో పిలిచే పేరుతో ఒక తమ్ముడిని "శీను" అని ఎక్కించారు. పదవ తరగతి మెమోలో "శ్రీనివాస్" అని ఉంది. మార్చాలి. కమాండ్ ఇలా ఉంటుంది:

ఎల్‌డాప్‌మాడ్‌ఆర్‌డిఎన్ -ఎక్స్ -డి "సిఎన్=అడ్మిన్,డిసి=హాస్టల్" -డబ్ల్యూ -ఆర్ "సిఎన్=శీను,ఓయు=విద్యార్థులు,డిసి=హాస్టల్" "సిఎన్=శ్రీనివాస్"

ఒక్కొక్క ముక్క అర్థం చూద్దాం.

1. -ఎక్స్: పేరు, పాస్‌వర్డ్‌తో మామూలుగా లోపలికి వెళ్తాం అని చెప్పడం.
2. -డి (పెద్ద అక్షరం): ఎవరి అధికారంతో మారుస్తున్నామో వారి పూర్తి పేరు.
3. -డబ్ల్యూ (పెద్ద అక్షరం): పాస్‌వర్డ్ అడగమని చెప్పడం. చిన్న అక్షరం వాడితే పాస్‌వర్డ్‌ను కమాండ్‌లోనే రాయాలి. అది హిస్టరీలో మిగిలిపోతుంది, వెనక వచ్చి కూర్చున్న వాడు చూడగలడు. కాబట్టి పెద్ద అక్షరమే వాడండి.
4. -ఆర్ (చిన్న అక్షరం): పాత పేరు తీసేయమని చెప్పడం.
5. తర్వాత మొదటి కొటేషన్లలో పాత పూర్తి పేరు, రెండవ కొటేషన్లలో కొత్త సొంత పేరు మాత్రమే రాయాలి. కొత్త పూర్తి పేరు రాయడం కొత్తవాళ్ళు తరచూ చేసే పొరపాటు.

సర్వర్ వేరే కంప్యూటర్‌లో ఉంటే -హెచ్ (పెద్ద అక్షరం) పెట్టి దాని చిరునామా ఇవ్వాలి. ఎక్కువ పేర్లు మార్చవలసి ఉంటే ఒక ఫైలులో పాత పూర్తి పేరు ఒక వరుస, కొత్త సొంత పేరు దాని కింది వరుస, ఒక ఖాళీ వరుస, మళ్ళీ అలాగే రాసుకొని -ఎఫ్ తో ఆ ఫైలు పేరు ఇవ్వాలి. మధ్యలో ఒకటి తప్పితే పని ఆగిపోతుంది. ఆగకుండా మిగతావి చేయాలంటే -సి పెట్టాలి.

పాత పేరును ఉంచాలా, తీసేయాలా?

-ఆర్ పెట్టకపోతే పాత పేరు పోదు. ఎంట్రీ పేరు శ్రీనివాస్ అవుతుంది గానీ లోపల సిఎన్ అన్న చోట శ్రీనివాస్, శీను రెండూ ఉంటాయి. "శీను" అని వెతికినా ఆ ఎంట్రీ దొరుకుతుంది. పెళ్ళి తర్వాత ఇంటిపేరు మారిన వాళ్ళ విషయంలో, పాత పేరుతోనే అందరికీ తెలిసిన వాళ్ళ విషయంలో ఇది ఉపయోగం. అక్షర దోషం దిద్దుతున్నప్పుడు మాత్రం -ఆర్ పెట్టి తీసేయడమే మంచిది. లేకపోతే తప్పు కూడా రికార్డులో శాశ్వతంగా ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొందరు సిఎన్ బదులు యుఐడితో ఎంట్రీకి పేరు పెట్టాలనుకుంటారు. అప్పుడు -ఆర్ పెడితే పాత సిఎన్ పోతుంది. మనిషి ఎంట్రీకి సిఎన్ తప్పనిసరి. కాబట్టి సర్వర్ 65 నంబరు తప్పు చూపించి ఒప్పుకోదు. ఇలాంటప్పుడు -ఆర్ లేకుండా మార్చాలి.

కొమ్మ మార్చడం

ఒక తమ్ముడు చదువు పూర్తి చేసుకొని వెళ్ళాడు. అతని ఎంట్రీని విద్యార్థుల కొమ్మ నుండి పూర్వ విద్యార్థుల కొమ్మకు జరపాలి. దీనికి -ఎస్ పెట్టి కొత్త కొమ్మ పూర్తి పేరు ఇవ్వాలి:

-ఎస్ "ఓయు=పూర్వ విద్యార్థులు,డిసి=హాస్టల్"

ఆ కొత్త కొమ్మ ముందే ఉండాలి. లేకపోతే 32 నంబరు తప్పు, అంటే "అలాంటి ఎంట్రీ లేదు" అని వస్తుంది.

కింద ఇతర ఎంట్రీలు ఉన్న కొమ్మను కూడా ఇలాగే జరపవచ్చు. అర్థం కావడానికి మన జిల్లా సంగతే చూడండి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు 10 జిల్లాలు ఆంధ్రప్రదేశ్ కొమ్మ నుండి కొత్త కొమ్మకు వచ్చాయి. 2016 అక్టోబర్ 11న దసరా రోజున ఆ 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2016లో కరీంనగర్ జిల్లాలోని కోరుట్ల, మల్లాపూర్, మల్యాల మండలాలు జగిత్యాల జిల్లా కిందికి వచ్చాయి. సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లా కిందికి వెళ్ళింది. మల్లాపూర్ మండలాన్ని జరిపితే చాలు, దాని కింది ఊర్లన్నీ వెంటే వచ్చాయి. ముత్యంపేటను ఎవరూ విడిగా జరపలేదు. అయినా ముత్యంపేట పూర్తి పేరు మారింది. సొంత పేరు మారలేదు. డైరెక్టరీలో కొమ్మను జరిపినా సరిగ్గా ఇదే జరుగుతుంది.

పాత సర్వర్ల మీద పనిచేసే వాళ్ళకు ఒక హెచ్చరిక. ఓపెన్ఎల్‌డాప్‌లో బిడిబి అనే పాత నిల్వ పద్ధతి ఉండేది. అందులో కింద ఆకులు ఉన్న కొమ్మ పేరు మార్చడం వీలయ్యేది కాదు, 66 నంబరు తప్పు వచ్చేది. తర్వాత వచ్చిన హెచ్‌డిబి, ఎండిబి పద్ధతుల్లో వీలవుతుంది. 2021లో వచ్చిన 2.5 వెర్షన్ నుండి బిడిబి, హెచ్‌డిబి రెండింటినీ తీసేశారు.

పేరు మారితే తెగిపోయేవి

పాఠంలో అసలు జాగ్రత్తగా చదవవలసింది ఈ భాగం. ఇప్పటివరకు చెప్పినది ఒక కమాండ్. కమాండ్ విజయవంతం అయిన తర్వాతనే ఇబ్బంది మొదలవుతుంది.

మన జిల్లా మారిన తర్వాత ఏమైంది? ఊరు మారలేదు, ఇల్లు మారలేదు. కానీ చేతిలో ఉన్న కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, బోనఫైడ్, బ్యాంకు పుస్తకం అన్నింటిలో "కరీంనగర్ జిల్లా" అనే ఉంది. కొత్తగా తీసిన పత్రంలో "జగిత్యాల జిల్లా" అని వచ్చింది. ఒకే విద్యార్థి రెండు జిల్లాల వాడిలా కాగితం మీద కనిపించాడు.

డైరెక్టరీలో గ్రూపులు ఉంటాయి. ఉదాహరణకు "ల్యాబ్ వాడేవారు" అనే గ్రూపు. అందులో సభ్యుల పూర్తి పేర్లు రాసి ఉంటాయి. శీనును శ్రీనివాస్ చేసినప్పుడు అతని ఎంట్రీ మారింది. గ్రూపులో మాత్రం "సిఎన్=శీను" అనే రాసి ఉంది. సర్వర్ దానిని తనంతట తాను దిద్దదు. శ్రీనివాస్ మరునాడు ల్యాబ్‌కు వస్తే లోపలికి రానివ్వదు. అతని పేరు సరిచేయబోయి అతని హక్కు తీసేసినట్టు అవుతుంది. అతను మాత్రం "నా పేరు సరిచేయమనడమే తప్పయిందా?" అనుకుంటాడు.

దీనికి ఓపెన్ఎల్‌డాప్‌లో రెఫింట్ అనే అదనపు భాగం ఉంది. ముందే అమర్చి ఉంటే పేరు మారగానే గ్రూపుల్లోని పాత పూర్తి పేర్లను అది వెతికి మారుస్తుంది. అయితే మనం చెప్పిన చోట్ల మాత్రమే మారుస్తుంది. కొన్ని గ్రూపుల్లో పూర్తి పేరు బదులు లాగిన్ పేరు ఒక్కటే రాసి ఉంటుంది. అవి మనం చేత్తో దిద్దవలసిందే. డైరెక్టరీ బయట వేరే ప్రోగ్రాముల సెట్టింగుల్లో రాసుకున్న పేర్లు కూడా అంతే.

మారనివి కూడా కొన్ని ఉన్నాయి. లైనక్స్‌లో ఫైళ్ళ యజమానిని గుర్తించేది పేరుతో కాదు, యుఐడి నంబరుతో. పేరు మారినా ఆ నంబరు ఉన్నంతకాలం అతని ఫైళ్ళు అతనివే. అలాగే ప్రతి ఎంట్రీకి ఎంట్రీయుయుఐడి అనే పొడవైన గుర్తు ఉంటుంది. పేరు మార్చినా, కొమ్మ మార్చినా అది మారదు. మన హాస్టల్ అడ్మిషన్ నంబర్ లాంటిది. పేరు దిద్దినా నంబరు అదే. కొత్తగా ప్రోగ్రాము రాసే తమ్ముళ్ళు మనుషులను గుర్తుపెట్టుకోవడానికి పేరు వాడకండి, ఇలాంటి మారని గుర్తు వాడండి.

పాత పేరు ఇంకొకరికి ఇస్తే?

2016లో వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండు జిల్లాలు కూడా ఏర్పడ్డాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ పేరు వరంగల్ అయింది. కొన్ని మండలాలు అటూ ఇటూ మారాయి. ఇప్పుడు ఒక కాగితం మీద "వరంగల్ జిల్లా" అని ఉంటే ఆ కాగితం ఏ సంవత్సరానిదో చూడకుండా ఏ ప్రాంతమో చెప్పలేం.

డైరెక్టరీలో ఇది ఇంకా ప్రమాదం. ఖాళీ అయిన "శీను" పేరును కొత్తగా చేరిన ఇంకొక శీనుకు ఇచ్చారనుకోండి. పాత గ్రూపుల్లో మిగిలిన "సిఎన్=శీను" ఇప్పుడు కొత్తవాడిని చూపిస్తుంది. పాతవాడి అనుమతులు కొత్తవాడికి వస్తాయి. కాబట్టి పాత పేరు ఎక్కడా మిగలలేదని రూఢి చేసుకున్న తర్వాతనే దానిని ఇంకొకరికి ఇవ్వాలి.

మార్చకుండా ఉండడం కూడా ఒక నిర్ణయమే. 2014లో మన బండ్ల నంబర్లు ఎపి నుండి టిఎస్‌కు వచ్చాయి. 2024 మార్చిలో టిజి వచ్చింది. పాత టిఎస్ బండ్లకు నంబరు మార్చుకోనవసరం లేదన్నారు. ఆర్.సి., ఇన్సూరెన్స్, బ్యాంకు అప్పు అన్నీ ఆ నంబరు మీదనే ఉన్నాయి కదా.

తరచూ వచ్చే తప్పుల నంబర్లు

32: ఆ ఎంట్రీ గానీ, కొత్త కొమ్మ గానీ లేదు. అక్షరాలు సరిచూడండి.
49: పాస్‌వర్డ్ గానీ, మన పూర్తి పేరు గానీ తప్పు.
50: మార్చే అధికారం మనకు లేదు.
65: తప్పనిసరి వివరం పోతోంది, లేదా ఆ రకం ఎంట్రీకి లేని వివరం వస్తోంది.
67: సొంత పేరును మామూలు దిద్దుబాటు కమాండ్‌తో మార్చబోయాం. దానికి ఎల్‌డాప్‌మాడ్‌ఆర్‌డిఎన్ వాడాలి.
68: అదే కొమ్మ కింద ఆ పేరుతో ఇంకొకరు ఇప్పటికే ఉన్నారు.

పని చేసే వరుస

1. మార్చవలసిన స్పెల్లింగ్‌ను ఆ మనిషినే అడిగి, మెమో చూసి కాగితం మీద రాసుకోండి.
2. స్లాప్‌క్యాట్‌తో డైరెక్టరీ మొత్తం కాపీ తీసి పెట్టండి.
3. ఎల్‌డాప్‌సెర్చ్‌తో పాత ఎంట్రీ చూడండి. దాని కింద వేరే ఎంట్రీలు ఉన్నాయేమో చూడండి.
4. పాత పూర్తి పేరు ఏ ఏ గ్రూపుల్లో సభ్యుడిగా ఉందో వెతికి జాబితా రాసుకోండి.
5. -ఎన్, -వి కలిపి ఒకసారి కమాండ్ ఇవ్వండి. ఏమి చేయబోతుందో చూపిస్తుంది, మార్పు చేయదు. అయితే సర్వర్‌కు మార్పు పంపదు కాబట్టి సర్వర్ ఒప్పుకుంటుందో లేదో దీనితో తెలియదు.
6. అసలు కమాండ్ ఇవ్వండి.
7. కొత్త పేరుతో వెతకండి. పాత పేరుతో కూడా వెతకండి.
8. నాలుగవ దాంట్లో రాసుకున్న గ్రూపులు దిద్దండి.
9. ఆ మనిషిని పిలిచి అతని చేతనే లాగిన్ చేయించి చూడండి. ఇది చేయనంతవరకు పని పూర్తికాలేదు.

ఇది మనకెందుకు?

మన ఇళ్ళల్లో పెద్దల పేర్లు ఓటరు లిస్టులో ఒక తీరు, రేషన్ కార్డులో ఒక తీరు, భూమి కాగితంలో ఇంకొక తీరు ఉంటాయి. రాసినవాడు తనకు వినబడినట్టు రాశాడు. చదువు రాని మనవాళ్ళు వేలిముద్ర వేసి వచ్చారు. ఏమి రాశాడో చూసుకునే వీలు వాళ్ళకు లేదు. ఆ తేడాలకు ఇప్పుడు మనం అఫిడవిట్లు రాయిస్తూ, ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాం. ఒక అక్షరం తేడాకు స్కాలర్‌షిప్ ఆగిన వాళ్ళు, కౌన్సెలింగ్ నుండి తిరిగివచ్చిన వాళ్ళు ఉన్నారు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి వాళ్ళం మేమే. మీలో చాలామంది ఇళ్ళల్లో మీరే మొదటివారు అవుతారు. ఇంతకాలం మన పేర్లు వేరేవాళ్ళు రాశారు. ఇకముందు రిజిస్టర్ ముందు, సర్వర్ ముందు కూర్చొని పదిమంది పేర్లు రాసే పని మన చేతికి వస్తుంది. అప్పుడు ఎదురుగా నిలబడ్డ మనిషిని "మీ పేరు ఎలా రాయాలి?" అని అడగండి. రాసిన తర్వాత చదివి వినిపించండి. దిద్దమంటే విసుక్కోకండి. దిద్దిన తర్వాత ఆ పేరు మీద ఉన్నవన్నీ అతనికి అందుతున్నాయో లేదో చూడండి.

ఇంట్లో కంప్యూటర్ లేని తమ్ముళ్ళు నిరుత్సాహపడవద్దు. ముందు కాగితం మీద మన హాస్టల్ చెట్టు గీయండి. మీ పూర్తి పేరు, సొంత పేరు రాయండి. మీ పక్క పెట్టెవాడిని పూర్వ విద్యార్థుల కొమ్మకు జరిపితే ఏ ఏ రిజిస్టర్లలో అతని పేరు దిద్దవలసి వస్తుందో లెక్క వేయండి. సగం పాఠం అక్కడే వస్తుంది. మిగతా సగానికి కాలేజీ ల్యాబ్‌లో ఒక పాత కంప్యూటర్, లైనక్స్, ఓపెన్ఎల్‌డాప్ ఉంటే చాలు. ఈ ఉద్యోగాల్లో ఉన్న అన్నలు సెలవుల్లో వచ్చినప్పుడు తమ్ముళ్ళను కూర్చోబెట్టి ఒక గంట చేసి చూపించాలని మా మనవి.